పెళ్లికార్డు మీద ‘రెవ.’ ఎవరి పేరుకు ముందు వేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి సికింద్రాబాద్‌లో, మా సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో. కార్డులకని ఛత్తాబజార్ వెళ్తే డీటీపీ చేసే అబ్బాయి చర్చివాళ్ల పేర్లన్నిటికీ ముందు ‘రెవరెంట్’ అని కొట్టేశాడు. ఐదుగురి పేర్లు వేయాలి. మా ప్రెస్బిటర్ గారు, అంటే మా చర్చి గురువు, ఒకరు. వియ్యంకులది గుంటూరు దగ్గర, వాళ్ల సొంత సంఘం పాస్టరు గారు మరొకరు. ఆయన విజిటింగ్ కార్డు మీద ‘బిషప్ రెవ. డా.’ అని ఉంది. రిటైరైన బిషప్ గారు ఒకరు, అమ్మాయి చదివిన స్కూలు ఫాదర్ ఒకరు. ఐదో ఆయన మా మామగారి తమ్ముడు, హెబ్రోను సహవాసంలో పెద్ద. “నా పేరు ముందే కాదు, ఎవరి పేరు ముందూ ఆ మాట వేయొద్దు, అది దేవుడికే చెల్లుతుంది” అంటున్నారు. పెళ్లి తమ పాస్టరు గారే జరిపించాలని వియ్యంకుల పట్టుదల. ‘రెవ.’ ఉన్నవారు ఎవరైనా పెళ్లి చేయవచ్చా? ప్రెస్బిటర్ గారి భార్యకు కూడా ఆ మాట వేయాలా?
— ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ప్రూఫు దశలోనే అడిగారు, మంచిదైంది. మీ ఉత్తరంలో రెండు సంగతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కార్డు మీద ఎవరి పేరు ఎలా వేయాలన్నది ఒకటి. పెళ్లి ఎవరు జరిపిస్తే చెల్లుతుందన్నది రెండోది. మొదటిదాంట్లో పొరపాటైతే ఎవరో ఒకరు చిన్నబుచ్చుకుంటారు, నాలుగు రోజులకు మర్చిపోతారు. రెండోదాంట్లో పొరపాటైతే అమ్మాయి వీసాకు వెళ్లినప్పుడో, ఆస్తి పంపకాల్లోనో తగులుకుంటుంది. ఆ మాటా ఈ మాటా కలిపేసేది ఈ ‘రెవ.’ అనే రెండక్షరాలే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

‘రెవరెండ్’ అంటే పూజ్యులైన, గౌరవించదగిన అని. లాటిన్ నుంచి వచ్చిన విశేషణం. అది ఉద్యోగం పేరు కాదు, డిగ్రీ అంతకన్నా కాదు. ఒక సంఘం తన పద్ధతిలో ఒక మనిషిని పరీక్షించి, తల మీద చేతులుంచి సేవకు ప్రత్యేకించినప్పుడు, అంటే ఆర్డినేషన్ జరిగినప్పుడు, ఆయన పేరుకు ముందు చేరే మర్యాద మాట. పేరును అంటిపెట్టుకుని ఉంటుంది గనుక బదిలీ అయినా, రిటైరైనా పోదు. ప్రెస్బిటర్, పాస్టర్, డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్, బిషప్, విచారణ గురువు ఇవన్నీ పదవులు. పదవిని మనిషి పేరు తర్వాత, కామా పెట్టి రాయాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే కార్డు మీది తప్పుల్లో ముప్పాతిక భాగం ఆగిపోతాయి.

వేదాంత కళాశాలలో చదివినంత మాత్రాన ఈ మాట రాదు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పూర్తి చేసి బయటికొచ్చిన కుర్రాడు ఆ రోజుకు ‘రెవ.’ కాదు. డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల మండలం) తీసుకుని, కొంతకాలం ప్రొబేషన్‌లో చూసి, బిషప్ గారు డీకన్‌గా, అంటే తొలి మెట్టుగా, ఆర్డినేషన్ ఇస్తే అప్పుడు ‘రెవ.’ అవుతాడు. ఆ తర్వాత ప్రెస్బిటర్ ఆర్డినేషన్ వేరే ఉంటుంది, అయినా పేరు ముందు మాట మారదు. అటువైపు బీడీ లేకపోయినా, తన సంఘం పద్ధతిగా ఆర్డినేషన్ ఇచ్చిన సేవకుడు ‘రెవ.’ అవుతారు. బాప్టిస్టుల్లో బిషప్ ఉండరు. స్థానిక సంఘమే ఇతర సంఘాల సేవకులను పిలిపించి, అభ్యర్థిని ప్రశ్నలడిగి ఆర్డినేషన్ చేస్తుంది. బిషప్ చేతుల మీదుగా రాలేదని అది తక్కువదేమీ కాదు.

మా సంఘానిదే అసలు ‘రెవ.’, మిగతావాళ్లది ఉత్తదే అనే వాదం ఇప్పటిది కాదు. ఇంగ్లండులో లింకన్‌షైర్‌లోని ఓస్టన్ ఫెర్రీ అనే ఊళ్లో ఒక వెస్లియన్ సేవకుడి కూతురు చనిపోతే, సమాధిరాయి మీద తండ్రి పేరు ముందు ‘రెవ.’ చెక్కించడానికి ఆ ఊరి ఆంగ్లికన్ వికార్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ గురువు) ఒప్పుకోలేదు. గొడవ ప్రివీ కౌన్సిల్ అనే పై కోర్టు దాకా వెళ్లింది. 1876లో తీర్పు వచ్చింది: అది ఏ ఒక్క చర్చి సొత్తూ కాదు, గౌరవంగా వాడే విశేషణం మాత్రమే, రాయి మీద చెక్కించుకోవచ్చు అని. కీట్ వర్సెస్ స్మిత్ అంటారు ఆ కేసును. కాబట్టి వియ్యంకుల పాస్టరు గారి పేరు ముందు ‘రెవ.’ చూసి మీ చర్చి పెద్దలెవరైనా ముఖం చిట్లిస్తే పట్టించుకోనక్కర్లేదు. కానీ ఇందులోనే రెండో అర్థం కూడా ఉంది. ఎవరి సొత్తూ కాని మాట ఎవరికీ అధికారం ఇవ్వదు. మీ అసలు ప్రశ్నకు జవాబు అక్కడుంది.

క్రైస్తవ వివాహాలకు మన దేశంలో 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టమే ఇప్పటికీ ఆధారం. పెళ్లి ఎవరు జరిపించవచ్చో ఐదో సెక్షన్ చెబుతుంది. ఎపిస్కోపల్ ఆర్డినేషన్, అంటే బిషప్ చేతుల మీదుగా ఆర్డినేషన్ పొందినవారు తమ చర్చి క్రమం ప్రకారం జరిపించవచ్చు. చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ క్లెర్జీ జరిపించవచ్చు. ఈ చట్టం కింద ప్రభుత్వ లైసెన్సు పొందిన సేవకులు జరిపించవచ్చు. మ్యారేజ్ రిజిస్ట్రార్ జరిపించవచ్చు, లేదా ఆయన సమక్షంలో జరగవచ్చు. భారతీయ క్రైస్తవుల పెళ్లిళ్లకు సర్టిఫికెట్ ఇచ్చేందుకు లైసెన్సు ఉన్నవారు కూడా జరిపించవచ్చు. చూడండి, ఈ వరుసలో ‘రెవ.’ అనే మాటే లేదు. నాలుగో సెక్షన్ ప్రకారం, వధూవరుల్లో ఒక్కరు క్రైస్తవులైనా సరే, ఈ పద్ధతుల్లో కాకుండా జరిగిన పెళ్లి చెల్లదు. అధికారం లేకుండా జరిపించినవారికి 68వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు.

మీ ప్రెస్బిటర్ గారు మొదటి కోవలోకి వస్తారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్‌ఐ ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, మెథడిస్ట్ తదితర సంఘాలు బిషప్ వ్యవస్థను ఒప్పుకునే కలిశాయి. అందువల్ల ఆయన ఆర్డినేషనే ఆయనకు చట్టం ఇచ్చిన అధికారం. వియ్యంకుల పాస్టరు గారు సొంత సంఘం వారు. ఆయన లైసెన్సుతో జరిపించాలి. విజిటింగ్ కార్డు మీద ‘బిషప్’ అని ఉన్నా, ఆ హోదా ఎవరిచ్చారన్నది తేల్చే పని పెళ్లింటివాళ్లు నెత్తిన వేసుకోవద్దు, లైసెన్సు కాగితం అడగండి. ఈ లైసెన్సులు రాష్ట్ర ప్రభుత్వం గెజిట్ నోటిఫికేషన్ ద్వారా ఇస్తుంది. ఆ కాపీ ఉన్నవారెవరూ అడిగితే దాచరు.

కాగితం చేతికొచ్చాక మూడు చూసుకోండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, లేక బాప్తిస్మం తర్వాతి పేరుందా? లైసెన్సు అమల్లో ఉందా? ప్రభుత్వం దాన్ని రద్దు కూడా చేయగలదు. మూడోది మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం: ఏ రాష్ట్రం ఇచ్చింది? రాష్ట్ర ప్రభుత్వం తన పాలన కిందున్న ప్రాంతం మేరకే లైసెన్సు ఇస్తుందని ఆరో సెక్షన్ మాట. గుంటూరు జిల్లా పాస్టరు గారి దగ్గర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 తర్వాత ఇచ్చిన కాగితం ఉంటే, దాన్ని నమ్ముకుని సికింద్రాబాద్‌లో పెళ్లి జరిపించడం మంచిది కాదు. విభజనకు ముందుదైతే మాత్రం చెల్లుతుందని ఎందుకు అనుకోవాలి, మ్యారేజ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక పూట అడిగి రండి.

మేం చెప్పేది ఏమిటంటే, ప్రమాణాలు చేయించడం, ఉంగరాలు మార్పించడం, భార్యాభర్తలని ప్రకటించడం, రిజిస్టర్ రాయించడం మీ ప్రెస్బిటర్ గారికే వదిలేయండి. వాక్యోపదేశం వియ్యంకుల పాస్టరు గారికి ఇవ్వండి. ఆరాధనలో అందరూ కూర్చుని వినేది ఆ భాగమే కాబట్టి ఆయనకు చిన్నతనం ఉండదు. వియ్యంకులకు చెప్పేటప్పుడు “మీ పాస్టరు గారికి అర్హత ఉందో లేదో” అని మొదలుపెట్టకండి, అక్కడే చెడుతుంది. “రిజిస్టర్ మా చర్చిది, సంతకం మా అయ్యగారే పెట్టాలి, సందేశం మాత్రం మీ పాస్టరు గారే ఇవ్వాలి” అనండి. నిజమూ అదే. ఇంకో మాట, బయటి సంఘం సేవకుడు మీ చర్చి పుల్పిట్ ఎక్కాలంటే ప్రెస్బిటర్ గారి ఒప్పుదల కావాలి. అది తీసుకోకుండా కార్డులో పేరు అచ్చేస్తే, పెళ్లికి రెండు రోజుల ముందు ఇబ్బంది పడేది మీరు.

వేళ కూడా చూసుకోండి. పదో సెక్షన్ ప్రకారం పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. బిషప్ ఇచ్చే ప్రత్యేక లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోకండి. మన ట్రాఫిక్‌లో బ్యూటీపార్లర్ నుంచి పెళ్లికూతురు రావడమే గంట ఆలస్యం. కార్డు మీద సాయంత్రం 6 అని వేస్తే ప్రమాణాలు 7 దాటతాయి. 4 అని వేయండి. చర్చిలో మూడు ఆదివారాలు చదివే వివాహ ప్రకటనకు పేర్లు ఇచ్చారో లేదో కూడా ఈ వారమే చూసుకోండి.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. ముందు ఆ ‘రెవరెంట్’ కొట్టేయించండి. చివర ‘ట్’ కాదు, ‘డ్’. ‘రెవరెంట్’ అంటే భక్తి చూపేవాడు, ‘రెవరెండ్’ అంటే గౌరవం అందుకోదగినవారు. ఊళ్లో ఫ్లెక్సీల మీద సగం ఈ తప్పే కనిపిస్తుంది. పొట్టిగా ‘రెవ.’ అని ఒక చుక్క చాలు. ‘శ్రీ రెవ.’, ‘రెవ. శ్రీ’ వద్దు, రెండు గౌరవాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ‘రెవ. పాస్టర్ ఫలానా’ కూడా అంతే, పాస్టర్ అన్నది పేరు తర్వాత వస్తే బాగుంటుంది. చివర ‘గారు’ మాత్రం మానకండి. ‘రెవ.’ ఉంది కదా అని ‘గారు’ తీసేస్తే తెలుగు చెవికి మొరటుగా ఉంటుంది, కిందే మీ చిన్నమామగారికి ‘గారు’ ఉండి పాస్టరు గారికి లేకపోతే మరీనూ.

మీ ప్రెస్బిటర్ గారిది తేలిక: ‘రెవ. ఫలానా గారు, ప్రెస్బిటర్-ఇన్-చార్జ్’, ఆపైన చర్చి పేరు. పీహెచ్‌డీయో, డీటీహెచ్చో (డాక్టర్ ఆఫ్ థియాలజీ) చేసి ఉంటే ‘రెవ. డా.’. ‘డా. రెవ.’ అనరు, మతగౌరవం ముందు, చదువు తర్వాత. ఇంగ్లిష్ కార్డులో ముందు ‘ది’ పెడితే నిండుగా ఉంటుంది, తెలుగులో దాని పని లేదు. ఇంగ్లిష్‌లో ఒక నియమం ఉంది, ఇంటిపేరు ఒక్కదానికే ‘రెవ.’ తగిలించకూడదు, పూర్తి పేరో ఇనిషియల్సో ఉండాలి. మన పేర్లు ఇనిషియల్సుతోనే రాస్తాం కాబట్టి అది తప్పే వీలు తక్కువ.

భార్య సంగతి. ఆమెకు స్వయంగా ఆర్డినేషన్ లేకపోతే ‘రెవ.’ రాదు. భర్త నుంచి వచ్చే మాట కాదది. సంఘంలో ‘పాస్టరమ్మ గారు’ అని ప్రేమగా పిలుస్తారు, అది పిలుపు, అచ్చు మీద ‘శ్రీమతి’ చాలు: ‘రెవ. ఫలానా గారు, శ్రీమతి ఫలానా గారు’. ‘శ్రీమతి రెవ. ఫలానా’ అని అచ్చయిన కార్డులు కనిపిస్తాయి, ఆర్డినేషన్ భర్తకు, ‘రెవ.’ భార్యకు వచ్చినట్టుంటుంది. ఆమెకే ఆర్డినేషన్ ఉంటే వేరు. సీఎస్‌ఐ 1976 నుంచి స్త్రీలకు ఆర్డినేషన్ ఇస్తోంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్‌ఐలో తొలి మహిళా బిషప్. ఆమె పేరు ముందు మగవారికి వేసే ‘రైట్ రెవ.’ వేస్తారు, దానికి ఆడమాట వేరే లేదు. భార్యాభర్తలిద్దరూ సేవకులైతే ఇద్దరికీ విడివిడిగా ‘రెవ.’ వేయండి.

రిటైరైన బిషప్ గారి దగ్గర రెండు జాగ్రత్తలు. సీఎస్‌ఐ బిషప్‌కు ‘రైట్ రెవ.’, సీఎస్‌ఐ మొత్తానికి పెద్దయిన మోడరేటర్‌కు ‘మోస్ట్ రెవ.’. రిటైరైనా ‘రైట్ రెవ.’ ఉంటుంది, పోయేది పదవి. కాబట్టి ‘రైట్ రెవ. ఫలానా గారు, రిటైర్డ్ బిషప్’ అనాలి. ‘బిషప్ ఇన్ మెదక్’ అని వేస్తే ఇప్పుడున్న బిషప్ గారు ఒకరుంటారు, ఆయన ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది, కార్డు ఎవరో ఒకరు చూపించక మానరు. రెండోది, పేరుకు ముందే ‘రైట్ రెవ. బిషప్’ అని రెండూ వేయొద్దు. ఆయన వస్తున్నట్టు ప్రెస్బిటర్ గారికి ముందే చెప్పండి. బిషప్ గారు ఆరాధనలో ఉంటే ఆశీర్వాదం ఆయన చేత చెప్పించడం మర్యాద, ఆరాధన క్రమం ఆ మేరకు సర్దుకోవాలి.

కాథలిక్కుల లెక్క వేరు, ఇక్కడ మనవాళ్లు బాగా తికమకపడతారు. వాళ్లలో మామూలు బిషప్‌కే మన దేశంలో ‘మోస్ట్ రెవ.’ అంటారు. సీఎస్‌ఐ బిషప్ పక్కన కాథలిక్ బిషప్ పేరు ఉంటే, ‘మోస్ట్’ ఉంది కదా ఈయనే పెద్ద అనుకోకూడదు, రెండు సంఘాల వాడుకలు వేరు, అంతే. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో ఆ హోదా అందుకున్న మొదటివారు. కార్డినల్‌ను ‘హిజ్ ఎమినెన్స్’ అంటారు, 1630లో ఎనిమిదో అర్బన్ పోపు స్థిరపరచిన మాట అది. మీ కార్డుకు దాని అవసరం రాదనుకోండి.

స్కూలు ఫాదర్ పేరు వేసే ముందు ఒకటి తేల్చుకోండి: ఆయన నిజంగా ఫాదరేనా, బ్రదరా? తెల్లని అంగీ వేసుకుంటే పిల్లలకూ తల్లిదండ్రులకూ అందరూ ఫాదర్లే. అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ లాంటి స్కూళ్లు నడిపేది మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు. వాళ్లు మఠ జీవితానికి ప్రమాణం చేసినవారు, గురుపట్టం తీసుకున్నవారు కారు, పూజ చేయరు. వారి పేరు తర్వాత ‘ఎస్.జి.’ అని ఉంటుంది. ‘ఎస్.జె.’ అంటే జెస్యూట్లు, ‘ఎస్.డి.బి.’ అంటే సలేషియన్లు, ఈ సభల్లో ఫాదర్లూ ఉంటారు, బ్రదర్లూ ఉంటారు. స్కూలు లెటర్‌హెడ్ చూస్తే తెలిసిపోతుంది. ఫాదరైతే ‘రెవ. ఫాదర్ ఫలానా గారు’, బ్రదరైతే ‘రెవ. బ్రదర్’, మఠకన్య అయితే ‘రెవ. సిస్టర్’. ఆర్డినేషన్ లేనివారికీ ‘రెవ.’ ఏమిటంటారేమో, కాథలిక్కులు మఠవాసులకు మర్యాదకొద్దీ వేస్తారు. తెలుగు కాథలిక్ కార్డుల్లో ‘రెవ. ఫాదర్’కు బదులు ‘గురుశ్రీ’ అంటారు, చక్కటి మాట, ఆయనకు అలవాటైతే అదే వేయండి. రెండూ కలిపి ‘గురుశ్రీ రెవ. ఫాదర్’ మాత్రం వద్దు. సభ అక్షరాలు పేరు చివర ఉంచాలి, డీటీపీ అబ్బాయి వాటిని ఇనిషియల్స్ అనుకుని ముందుకు తెచ్చేస్తాడు, ప్రూఫులో చూడండి. ఆయన్ను అతిథుల వరుసలో వేయండి. ఆరాధనలో ప్రార్థనో మాటో చెప్పడం ఆయనకు వీలవుతుందా అని ముందు ఆయన్నే అడగండి.

వియ్యంకుల పాస్టరు గారి ‘బిషప్ రెవ. డా.’ని ఏం చేయాలి? ‘బిషప్’ అని ఆయన సంఘం పిలుచుకుంటే అది వాళ్ల ఇంటి సంగతి. ‘డా.’ విషయంలో చట్టం ఉంది. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇవ్వగలిగేవి చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు, పార్లమెంటు అధికారమిచ్చిన సంస్థలే. వేదాంత విద్యలో మనకు బాగా తెలిసినది సెరంపూర్ కాలేజీ సెనేట్. 1827లో డెన్మార్క్ రాజిచ్చిన చార్టర్, 1918 చట్టం దాని వెనకున్నాయి. హోటల్లో సభ పెట్టి శాలువాతో పాటు చేతికిచ్చే డాక్టరేట్లు ఈ లెక్కలోకి రావు. అసలైన యూనివర్సిటీ ఇచ్చిన గౌరవ డాక్టరేట్ అయినా పేరు ముందు పెట్టుకోకపోవడమే మర్యాద. ఇదంతా మీరు తెలుసుకోవడం వరకే. కార్డు మీద అతిథి పేరు ఆయన రాసుకునే తీరులో వేయడం పెళ్లింటి సంస్కారం, పెళ్లిపనుల మధ్య డాక్టరేట్ల విచారణ పెట్టుకోకండి. మీకు మనసొప్పకపోతే మధ్యేమార్గం ఉంది: ‘రెవ. ఫలానా గారు, సంఘ కాపరి’. కాపరి అన్నమాట కాదనే పాస్టరు ఉండరు. వియ్యంకుల చేత ఆయన్ను ఒక మాట అడిగించి వేయండి.

మీ చిన్నమామగారి మాటకు ఆధారం లేకపోలేదు. 111వ కీర్తన తొమ్మిదో వచనంలో దేవుని నామాన్ని వర్ణించే చోట పాత ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిలు ‘రెవరెండ్’ అనే మాటే వాడింది, ఆ బైబిలు మొత్తంలో ఆ మాట వచ్చేది అక్కడొక్కచోటే. మత్తయి 23లో బోధకులని పిలిపించుకోవద్దు, మీరందరూ సహోదరులు అన్న ప్రభువు మాటను బ్రదరెన్ సంఘాలు అక్షరాలా పాటిస్తాయి. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను కేంద్రంగా వందల సంఘాలకు మూలపురుషుడైన భక్త్‌సింగ్ గారు 2000లో కన్నుమూసేదాకా ‘బ్రదర్ భక్త్‌సింగ్’గానే ఉన్నారు. కాబట్టి ఆయన పేరు ముందు ‘సహోదరులు’ అని వేయండి, ‘రెవ.’ పొరపాటున కూడా రాకూడదు, అది ఆయనకు అవమానం. అలాగని ఆయన నియమాన్ని మిగతా నలుగురికీ పెట్టలేం. ప్రెస్బిటర్ గారి సంఘం ఆయనకిచ్చిన మాటను తీసేసే హక్కు మీకూ లేదు, ఆయనకూ లేదు. ఈ సంగతి కార్డు అచ్చయ్యాక కాదు, ఇప్పుడే ఇంటికెళ్లి చెప్పండి.

ఇలాంటి బిరుదులు వాడని సంఘాలు ఇంకా ఉన్నాయి. సాల్వేషన్ ఆర్మీ సేవకులు కెప్టెన్, మేజర్ అంటారు, మిలిటరీ వాళ్లనుకుని ‘రిటైర్డ్’ తగిలించిన కార్డులు వస్తుంటాయి. అడ్వెంటిస్టులు ఎక్కువగా ‘పాస్టర్’ అంటారు. ఉపదేశులు, ఎవాంజలిస్టులు, పాస్టరేట్ కమిటీ పెద్దలు ఎంత సేవ చేసినా ఆర్డినేషన్ లేకుండా ‘రెవ.’ వేయొద్దు, నలుగురిలో ఇబ్బంది పడేది వాళ్లే.

మీ కార్డు లోపలి పేజీ ఇలా ఉంటే సరిపోతుంది:

పరిశుద్ధ వివాహము జరిగించువారు: రెవ. ఫలానా గారు, ప్రెస్బిటర్-ఇన్-చార్జ్
వాక్యోపదేశము: రెవ. ఫలానా గారు, సంఘ కాపరి
ఆశీర్వాదము: రైట్ రెవ. ఫలానా గారు, రిటైర్డ్ బిషప్
ప్రార్థన: సహోదరులు ఫలానా గారు
అతిథులు: రెవ. ఫాదర్ ఫలానా గారు, ఎస్.జె., ప్రిన్సిపల్

జరిపించేవారి పేరే మొదట ఉండాలి. బిషప్ గారు పెద్దవారు కదా అని ఆయన్ను పైకి తెస్తే పెళ్లి ఆయనే చేస్తున్నారనుకుంటారు.

ఎదురుగా పిలిచేటప్పుడు ఇదంతా అక్కర్లేదు. “రెవరెండ్ గారూ” అని ఎవరూ పిలవరు, పిలిస్తే కోర్టులో బంట్రోతు కేకలా ఉంటుంది. సీఎస్‌ఐలో “అయ్యగారూ”, “పాస్టరు గారూ”, బిషప్‌కు “బిషప్ గారూ”, కాథలిక్కులకు “ఫాదర్”. కవరు మీద కార్డులో ఉన్నట్టే పూర్తిగా రాయండి. రిసెప్షన్లో మైకు పట్టుకునే మీ బంధువుకు మాత్రం ఒక చీటీ రాసివ్వండి. కార్డులో సరిగ్గా ఉండి స్టేజీ మీద ‘బిషప్ ఫాదర్ పాస్టర్ గారు’ అని కలగాపులగం చేసేది అక్కడే.

ప్రూఫు తీసుకున్నాక ఐదుగురికీ ఎవరి వరుస వారికి వాట్సాప్‌లో ఫొటో పంపి, “మీ పేరు ఇలా సరేనా?” అని అడగండి. కార్డు మొత్తం పంపకండి, పక్కవాళ్ల పేర్ల మీద కూడా సలహాలొస్తాయి. జవాబు వచ్చేదాకా అచ్చుకు సరేననొద్దు. బిషప్ గారికి ఫొటో పంపడం బాగోదనిపిస్తే ఫోన్ చేసి అడగండి, పెద్దవారు ఇలా అడిగితే సంతోషిస్తారు. గెజిట్ కాపీ మాత్రం ఎవరొద్దన్నా ఒక జిరాక్స్ తీసి మీ దగ్గర ఉంచుకోండి. రేపు వియ్యంకులు మనసు మార్చుకుని తమ పాస్టరు గారి చేతే ప్రమాణాలు చేయించాలని మళ్లీ అడిగితే, మాట మీ మీదికి రాకుండా ఆ కాగితం ప్రెస్బిటర్ గారికిచ్చి నిర్ణయం ఆయనకు వదిలేయవచ్చు.